దిగని గెడ

జాయ్సీ మనసులో ఒక అనుమానం పద్దెనిమిదేళ్లుగా ఉండిపోయింది. పెళ్లయింది, పాప పుట్టింది, తాడేపల్లిగూడెంలో కాపురం కుదురుకుంది. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించే పని కూడా ఆమెకే వచ్చింది. ఇన్ని జరిగినా ఆ అనుమానం మాత్రం పోలేదు. మామిడిపండు పీచు పంటి సందులో ఇరుక్కుంటే నాలుక ఊరికే అటే పోతుంది చూడండి, అలా ఆమె మనసు కాస్త ఖాళీ దొరికితే చాలు, ఆ మంగళవారం దగ్గరికే పోయేది.

ఆ మంగళవారం ఏలూరులో ఎజ్రా మాస్టారి పియానో ముందు కూర్చుని, పరికిణీ ఓణీలో ఉన్న జాయ్సీ ‘పడవ పాట’ మొదటినుంచి చివరిదాకా వాయించింది. ఎక్కడా తడబడలేదు. వాయించి చేతులు ఒళ్లో పెట్టుకుంది. మాస్టారు మెచ్చుకోలేదు, కోప్పడలేదు. దగ్గరికొచ్చి, కుడిచేతి చూపుడువేలితో ఎడమ కొసనున్న ఒక మెట్టు నొక్కారు. అది గంభీరంగా, నిండుగా మోగింది. మోత ఆరిపోయేదాకా ఆయన ఆ మెట్టుకేసే చూస్తూ నిలబడ్డారు. తర్వాత పియానో మూత దించి, “ఇంక రావద్దమ్మా” అన్నారు.

అంతే. తిట్టి పంపితే ఏడ్చి మరిచిపోయేది. ఆ మెత్తని మాటకి ఏమని ఏడవాలో కూడా ఆ పిల్లకి తెలియలేదు. తన తప్పేమిటి? తనలో ఏం తక్కువ? ప్రార్థనలో ఎన్నిసార్లు అడిగిందో. లోకంలో ఇన్ని కష్టాలుండగా, ఒక పియానో మూత ఎందుకు పడిందో చెప్పడానికి దేవుడికి తీరిక ఉంటుందా అని తనని తానే మందలించుకుని, మళ్లీ అడిగేది.

పోయిన వారం మనం ఆమెని ఏలూరు బస్సెక్కించి వదిలాం. ఎందుకెక్కిందో ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది. జాయ్సీ కూతురు సిల్వియాకి పదేళ్లు. తల్లి నేర్పిన పడవ పాటని ఆ పిల్ల కీబోర్డు మీద వాయిస్తుంది. పాస్టరుగారింట్లో మాస్టారి పాత క్యాసెట్టు, ఎప్పుడో మద్రాసు సభలో రికార్డు చేసింది, వినపడితే ఆ పిల్ల చెవులు రిక్కించి, “అమ్మా, మూడో మలుపులో కింద ఇంకో స్వరం ఉంది. నువ్వు నాకు నేర్పలేదేంటి?” అంది. జాయ్సీ విని చూసింది. నిజమే, ఉంది. తను చిన్నప్పటినుంచీ వాయిస్తున్న పాటలో, కూతురికి నేర్పిన పాటలో, అది లేదు. ఇదన్నమాట తను చేసిన తప్పు, ఈ స్వరం వదిలేసినందుకే ఆయన పొమ్మన్నారన్నమాట అనుకుంది. సరిగ్గా ఆ వారంలోనే, ఏళ్ల తరబడి ఒక్క శిష్యుణ్ణీ చేర్చుకోని మాస్టారి నుంచి కబురొచ్చింది. ‘జాయ్సీ కూతురికి మంచి చెవి ఉందని పాస్టరుగారన్నారు. తీసుకొస్తే వింటాను.’

జాయ్సీ భర్త జేమ్స్ రైసుమిల్లులో గుమాస్తా. నెమ్మదైన మనిషి. ఆయన ఒక్క మాటే అన్నాడు. “నిన్ను పొమ్మన్న గుమ్మానికే పాపని పంపుతావా? పంపితే పంపు. కానీ ఎందుకు పొమ్మన్నాడో తెలుసుకుని పంపు.”

అందుకే ఇవాళ పాపని ఇంట్లో ఉంచి, తనొక్కతే వచ్చింది. దారిలో బస్సు గుండుగొలనులో ఆగితే కిటికీలోంచి తండ్రి విశ్వాసం ఉండే వీధివైపు చూసింది. ‘వెళ్లేటప్పుడు దిగుదాంలే’ అనుకుంది.

*

ఏలూరులో వాన సన్నగా పడుతోంది. కొల్లేటి వైపునుంచి వచ్చే గాలిలో చేపల చెరువుల వాసన. తలుపు తీసింది మణెమ్మగారు. మాస్టారి చెల్లెలు. భర్త పోయాక అన్నగారింటికొచ్చి, ఆయనకింత వండిపెడుతూ ఇక్కడే ఉండిపోయింది.

“ఎవరూ... జాయ్సీవటే! చీర కట్టావు కాబట్టి పోల్చుకోలేకపోయాను గానీ కళ్లు అవే. రా రా, తడిసిపోయావు. పాపేదమ్మా?”

“తీసుకురాలేదండి.”

“అదేంటి! అన్నయ్య పొద్దున్నుంచీ ఇస్త్రీ లాల్చీ వేసుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకైనా అంత తయారవలేదు. అందుకే పెళ్లి కాలేదనుకో.”

“ముందు మాస్టారితో ఒక మాట మాట్లాడాలండి, అత్తయ్యగారూ.”

“మాట్లాడతావా? ఆయనతో? నేను ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. నీకైనా ఆ భాగ్యం కలిగితే పాయసం వండుతాను.”

ముందుగదిలో ఏమీ మారలేదు. అదే నల్లని నిలువు పియానో. దొరల కాలంలో కాకినాడ రేవులో దిగి, ఏలూరు కాలవ మీద పడవలో వచ్చిందని చెప్పుకునేవారు. కింది పలక తీసేసి, లోపల తీగల కింద వేలాడదీసిన బల్బు పట్టపగలు కూడా వెలుగుతోంది. ఈ ఊళ్లో పియానో బతకాలంటే అది తప్పదు. వానాకాలం వస్తే కొల్లేటి చెమ్మకి లోపలి ఉన్ని ఉబ్బి మెట్లు బిగుసుకుపోతాయి. బల్బు వేడి లోపలి చెమ్మని లాగేస్తుంది. జాయ్సీ చిన్నప్పుడు ఆ వెలుగు చూసి, పియానోకి కూడా గుండె ఉంటుంది కాబోలనుకునేది.

మాస్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. కుడిచెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. ఎడమచెయ్యి లాల్చీ జేబులో ఉంది.

ఈ మనిషి మద్రాసు, కలకత్తా, లండన్ సభల్లో వాయించిన మనిషి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని పేపర్లు రాశాయి. అన్ని ఊళ్లూ తిరిగి, సొంతూరు వదలలేక ఏలూరు వచ్చి, నలుగురైదుగురు పిల్లల్ని దగ్గర పెట్టుకుని నేర్పారు. ఎవర్నీ పొగిడేవారు కాదు. అలాగని రాయీ కాదు. ప్లీడరుగారబ్బాయి దత్తసాయి గోళ్లు పెంచుకొస్తే, ఒక్క మాట అనకుండా అరుగు మీద కూర్చోబెట్టుకుని తనే కత్తిరించేవారు. సూర్యకాంతానికి జ్వరమొచ్చి రాలేకపోతే, రిక్షా కట్టించుకుని వాళ్లింటికెళ్లి, మంచం పక్కన బల్ల మీద వేళ్లతో పాఠం చెప్పి వచ్చారు. ఆ పిల్ల జ్వరంలోనే మంచంపట్టె మీద తిరిగి వాయించిందట.

జాయ్సీ ఆయన దగ్గర చేరిన దారి వేరు. విశ్వాసం అప్పట్లో కొల్లేట్లో పడవ నడిపేవాడు. మాస్టారు పిట్టల్ని చూడ్డానికి ఎప్పుడూ అతని పడవే ఎక్కేవారు. పొడవాటి గెడకర్ర బురదలో దిగడం, పడవ ముందుకి జారడం, మళ్లీ గెడ దిగడం, ఆ ఊపు విని మాస్టారు స్వయంగా కట్టిన పాటే పడవ పాట. ఎడమచేతి చిటికెనవేలితో అందుకునే కింది స్వరాన్ని ఆయన ‘గెడ’ అనే పిలిచేవారు. గెడ దిగకపోతే పడవ కదలదర్రా, అనేవారు. ఒకసారి అదే పడవలో కూర్చున్న పిల్ల, ఆయన కూనిరాగం తీస్తే తప్పు లేకుండా తిరిగి పాడింది. “విశ్వాసం, మంగళవారం నుంచి మీ అమ్మాయిని పంపు” అన్నారాయన. అప్పట్నుంచి విశ్వాసం ప్రతి మంగళవారం కూతుర్ని తీసుకొచ్చి, మణెమ్మగారి చేతిలో బతికున్న కొర్రమీనొకటి పెట్టి, పాఠం అయ్యేదాకా వీధరుగు మీద కూర్చునేవాడు.

మిగతా పిల్లలంతా ఇంగ్లీషు బడుల వాళ్లు. స్వరలిపి కాగితం చూసి వాయించేవారు. జాయ్సీకి ఆ గీతలు, చుక్కలు అర్థమయ్యేవి కావు. “కాగితం వదిలెయ్యి. నా చెయ్యి చూడు” అనేవారు మాస్టారు. చూసేది. ఆ చెయ్యి ఎంత లేస్తే అంత లేపేది, ఎంత వంగితే అంత వంచేది. పడవ పాట కూడా అలా చూసే నేర్చుకుంది.

*

“పాప రాలేదా?” అన్నారు మాస్టారు.

“లేదండి. ముందు నేను వాయిస్తానండి. మీరు విన్నాక పాప సంగతి మాట్లాడదాం.”

ఆయన తలూపారు. జాయ్సీ బెంచీ మీద కూర్చుంది. లోపల చిన్నగా ప్రార్థించుకుని పడవ పాట మొదలుపెట్టింది. ఏళ్ల తరవాత నిజమైన పియానో. మెట్లు కాస్త బరువుగా, వేలికి ఎదురు చెబుతున్నట్టు ఉన్నాయి. మూడో మలుపు వచ్చింది. చిటికెనవేలు వంచి, క్యాసెట్టులో విన్న ఆ కింది స్వరాన్ని గట్టిగా నొక్కింది. నిండుగా మోగింది.

పాట అయిపోయింది.

“ఆ గెడ ఎప్పుడు వేశావు?” అన్నారు మాస్టారు.

“పదిహేను రోజులు కాలేదండి. మా పాప చెబితే వేశాను. అన్నాళ్లూ నాకు తెలియదు మాస్టారూ. అది నేను వదిలేసినందుకేనాండీ ఆ రోజు నన్ను రావద్దన్నారు?”

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మణెమ్మగారు రెండు టీ గ్లాసులు తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

“చిన్నపిల్లని కదండీ. ఒకటికి రెండుసార్లు చెబితే నేర్చుకునేదాన్ని” అంది జాయ్సీ. గొంతు పెంచలేదు. పెంచడం ఆమెకి అలవాటు లేదు. “ఒక్క స్వరానికి అంత శిక్షాండీ?”

మాస్టారు లేచారు. నెమ్మదిగా వచ్చి, “కాస్త జరుగమ్మా” అన్నారు. జాయ్సీ లేచి పక్కన నిలబడింది. ఆయన కూర్చుని, జేబులోంచి ఎడమచెయ్యి తీసి మెట్ల మీద పెట్టారు. పాటలో ఎడమచేతి భాగం ఒక్కటే వాయించడం మొదలుపెట్టారు.

మొదటి మలుపు, రెండో మలుపు సాఫీగా జారిపోయాయి. మూడోది వచ్చింది. చిటికెనవేలు చాచుకుని ఆ చివరి మెట్టు మీదికి వెళ్లింది. వెళ్లి, వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోయింది. దిగలేదు. తక్కిన వేళ్లు పాటని ముందుకి తీసుకుపోయాయి.

జాయ్సీ తన చెయ్యి చూసుకుంది. చీర కుచ్చెళ్ల మీద ఆమె ఎడమచేతి చిటికెనవేలు కూడా అలాగే గాల్లో నిలబడి ఉంది.

“చూశావా?” అన్నారు మాస్టారు.

“చూశానండి.”

“ఆ రోజుల్లోనూ ఇలాగే చూశావు. ఎలా చూశావో అలాగే వాయించావు. నువ్వు వదిలేసింది ఏమీ లేదమ్మా. నేను ఇవ్వలేదు.”

జాయ్సీ కుర్చీ అందుకుని కూర్చుంది. మాస్టారు ఆ మెట్టుతోనే మాట్లాడుతున్నట్టు, తల ఎత్తకుండా చెప్పుకుపోయారు.

“ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. ఆ స్వరం పలకడం మానేసింది. చెమ్మ అనుకున్నాను. బల్బు మార్చాను, ఇంకో బల్బు పెట్టాను. బెజవాడనుంచి శృతి చేసే మనిషిని పిలిపించాను. అతను అంతా విప్పి చూసి, బాగానే ఉందండి అన్నాడు. పనిరాని వాడని పంపించేశాను.”

“బల్బు!” అంది గుమ్మంలోంచి మణెమ్మగారు. “ఆ ఏడు ఆ బల్బు గురించి నేను పడ్డ మాటలు ఆ పైవాడికి తెలుసు. నేను ఆర్పేశాననే కదా నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు?”

“మిగతా పిల్లలు వాయించినప్పుడు మోగేది కదండీ?” అంది జాయ్సీ.

“మోగేది. ఇవాళ పొడిగా ఉందిలే అనుకునేవాణ్ణి. నేను కూర్చుంటే మోగదు. అదిగో మళ్లీ చెమ్మ పట్టింది అనుకునేవాణ్ణి.”

“ఇంకో వేలితో నొక్కి చూడలేదాండీ?”

మాస్టారు మొదటిసారి ఆమె మొహంలోకి చూశారు. “చూడలేదమ్మా. మెట్టు బాగానే ఉందని తేలితే తరవాత నేనేం చెయ్యాలి? వేలికి స్పర్శ పోతోందని లోపలెక్కడో తెలుసు. తెలిసినదాన్ని బయటికి రానివ్వకుండా చెమ్మని అడ్డం పెట్టుకున్నాను. డిసెంబరులో మద్రాసులో సభ ఉంది. అప్పుడు నువ్వొచ్చి వాయించావు. నేను మెట్టు చూడలేదు, నీ చెయ్యి చూశాను. నీ వేలు గాల్లో ఆగింది. నొక్కనే లేదు. నా చెయ్యి ఎలా ఉంటుందో అంతకుముందు నేనెప్పుడూ బయటినుంచి చూడలేదు. ఆ రోజు చూశాను. అప్పుడు వెళ్లి నొక్కాను.”

“మోగింది” అంది జాయ్సీ.

“మోగింది.”

మణెమ్మగారు టీ గ్లాసులు బల్ల మీద ఠకీమని పెట్టింది. “అంటే ఆ మెట్టు బాగానే ఉందన్నమాట! నేను బల్బు ఆర్పినందుకు చెడిపోలేదన్నమాట! ఇన్నేళ్లూ నా వల్లే నువ్వు సభలు మానేశావేమోనని రాత్రిళ్లు మోకాళ్లూని క్షమించమని అడిగాను కదయ్యా!”

“నీ వల్ల కాదు మణీ.”

“ఆ ముక్క అప్పుడే చెబితే నీ సొమ్మేం పోయింది?” అంటూ పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. “సరే, దేవుడితో చెప్పుకుంటాను ఇవాళ. ఆ ఖాతా కొట్టెయ్యమని.”

జాయ్సీకి నవ్వు రాలేదు. మాస్టారు సంగీత సభలు మానేసి చర్చి సేవకి అంకితమయ్యారని ఆ ఏడాది పేపర్లలో రాశారు. ఎంత గొప్ప త్యాగమని అందరూ చెప్పుకుంటే తనూ తలూపింది. ఆ వార్తనీ, తన మీద పడ్డ మూతనీ ఏనాడూ కలిపి చూసుకోలేదు. తప్పు తనది కాదని తెలిస్తే బరువు దిగిపోతుందనుకుంది. దిగలేదు. ఆ చోట కోపం వచ్చి కూర్చుంది. గురువు మీద కోపం పాపమా? కోపం లేదని అబద్ధమాడి నవ్వడం కంటే పెద్ద పాపమా? ఆమెకి తెలియలేదు.

“మీ బాధ పెద్దదే మాస్టారూ. కాదనను” అంది నెమ్మదిగా. “మరి నేనండీ? ప్రతి ఆదివారం కీబోర్డు ముందు కూర్చున్నప్పుడల్లా, నేను పనికిరానిదాన్నని ఎజ్రా మాస్టారే తేల్చేశారు కదా, ఈ జనానికి తెలియదు కాబోలు అనుకుంటూ వాయించేదాన్ని. నా కూతురికి మంచి చెవి ఉందని తెలిసినరోజు సంతోషించలేకపోయానండి. దీన్నీ ఎవరో ఒకరు పొమ్మంటారని భయపడ్డాను.”

మాస్టారు ఎడమచెయ్యి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

“ఇప్పుడు దాన్ని తీసుకొచ్చి మీ పక్కన కూర్చోబెట్టాలా వద్దా, చెప్పండి. రేపు దాని చేతిలో మీరు చూడలేనిది ఇంకేదైనా కనపడితే మళ్లీ మూత దించుతారాండీ?”

అడగాల్సింది అడిగేసింది. బస్సులో కూర్చుని ఎన్ని రకాలుగానో అనుకున్న మాట, ఇంత సూటిగా వస్తుందని ఆమే అనుకోలేదు. ఈ ఇంట్లో ఆయన్ని అంత మాట అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆయన కుడిచేత్తో పియానో మూత అంచు ఒకసారి తడిమారు. తేలిగ్గా ‘దించను’ అనేస్తే జాయ్సీ నమ్మేది కాదేమో.

“నా చెయ్యి చూసి నేర్చుకోవద్దని మొదటిరోజే చెబుతాను” అన్నారు చివరికి. “చెవితో నేర్చుకోమంటాను. ఎక్కడైనా గెడ దిగకపోతే, మాస్టారూ దిగలేదు అని నా మొహం మీదే చెప్పమంటాను. చెబుతుందా?”

జాయ్సీ పెదవుల మీద అప్పుడు కాస్త నవ్వు కదిలింది. “చెప్పకుండా ఉంటే కదండీ! పాస్టరుగారు కీర్తనలో శృతి తప్పితే ఆరాధన మధ్యలోనే నా చీర లాగుతుంది.”

“అయితే మంగళవారం తీసుకురా.”

ఆమె వెంటనే ఔననలేదు. ఒక్కటి మిగిలింది. “ఇదంతా నాకు చెప్పకపోతే పోయారు, చిన్నదాన్ని. మా నాన్నకైనా ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండి. అరుగు మీదే కూర్చుని ఉన్నాడు కదా ఆ రోజు.”

మాస్టారి మొహం మారింది. “మీ నాన్న నీతో చెప్పలేదా?”

“ఏంటండీ చెప్పడం?”

“నెల తిరక్కుండానే కబురు పెట్టి పిలిపించాను. వచ్చాడు. ఇదిగో, అక్కడే నిలబడ్డాడు. నా వేలి సంగతి మొదట చెప్పింది అతనికే. పిల్లది ఏ తప్పూ చెయ్యలేదు, నేనే సిగ్గుపడి పంపేశాను, మళ్లీ పంపించు విశ్వాసం, అని అడిగాను.”

జాయ్సీ కుర్చీలో ముందుకి జరిగింది. “అడిగారా?”

“బతిమాలాను.”

“నాన్నేమన్నాడండీ?”

“‘మా అమ్మాయి ఇంక రాదండి’ అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను గుచ్చి అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది? మర్నాటినుంచి నేనూ కొల్లేటికి వెళ్లడం మానేశాను.”

మణెమ్మగారు అవునన్నట్టు తలూపింది. “ఆ రోజు కూడా కొర్రమీను తెచ్చాడమ్మా మీ నాన్న. చేతికివ్వలేదు. అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.”

జాయ్సీ కూర్చున్నచోటే కూర్చుండిపోయింది. మూతపడిన తలుపొకటి తెరుచుకుంటే, దాని వెనక ఇంకో తలుపు. చిన్నప్పుడు ఏడుస్తూ పడుకుంటే తల నిమిరిన చెయ్యి తండ్రిదే. ‘ఊరుకో తల్లీ, గొప్పోళ్ల మనసులు మనకేం తెలుస్తాయి’ అన్న నోరు తండ్రిదే. అన్నీ తెలిసి ఆ మాట అన్నాడా? ఎందుకన్నాడు? ఇన్నేళ్లూ ఎలా మోశాడు? సాయంత్రం బస్సు గుండుగొలనులో ఆగుతుంది. దిగక తప్పదు. దిగి ఏమని అడగాలో ఆమెకి తెలియదు.

“అది నువ్వూ మీ నాన్నా తేల్చుకోవాలి” అన్నారు మాస్టారు, ఆమె ఆలోచన విన్నట్టు. “నా వైపునుంచి నీకొకటి బాకీ ఉంది. అది తీర్చనీ. ఇటు రా.”

ఆయన బెంచీ మీద ఎడమ పక్కకి జరిగి, కుడి పక్క చోటు చేశారు.

జాయ్సీకి అర్థమైంది. ఆ ఇంటి వాడుక అది. పడవ పాట పూర్తిగా నేర్చిన రోజున శిష్యుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే పియానో మీద నాలుగు చేతులతో మాస్టారు అదే పాట కలిసి వాయించేవారు. శిష్యుడు పైన రాగం, మాస్టారు కింద పడవ. దత్తసాయికి దక్కింది, సూర్యకాంతానికి దక్కింది. ఆ మంగళవారం జాయ్సీ వంతు. పొగడ్త ఎరగని ఇంట్లో అదే పొగడ్త. ఆ పూట మణెమ్మగారు పాకుండలు కూడా చేసేది.

“ఆ రోజు చేసిన పాకుండలు ఎవరూ ముట్టుకోలేదు” అంది మణెమ్మగారు. “ఇవాళ లేవు మరి. ఇంత జరుగుతుందని నాకేం తెలుసే? బిస్కెట్లతో సరిపెట్టుకో.”

జాయ్సీ వచ్చి కుడిపక్క కూర్చుంది. చిన్నప్పుడు కాళ్లు నేలకి అందీ అందనట్టుండేవి. ఇప్పుడు మోకాళ్లు పియానోకి తగులుతున్నాయి. లోపలి బల్బు వేడి పాదాలకి తెలుస్తోంది.

“నాలుగు చేతులు కావాలి కదండీ మాస్టారూ” అంది, ఆయన ఎడమచేతి వైపు చూడకుండా.

“మొదలుపెట్టు.”

ఆమె రాగం ఎత్తుకుంది. కింద ఆయన కుడిచెయ్యి నీళ్లలా కదిలింది. ఎడమచెయ్యి మెట్ల మీద ఉంది. చెయ్యగలిగినంత చేస్తోంది. మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. వింటూ పెరిగిన పాటే అయినా, పక్కన ఇంకో మనిషి ఊపిరి తగులుతుంటే కొత్త పాటలా ఉంది. మూడో మలుపు దగ్గరపడింది. ఆ ఖాళీ మళ్లీ వస్తుంది. వస్తే ఏం, ఆ ఖాళీ కూడా తనదే, తన చేతికి అలవాటైనదే అనుకుంది.

మాస్టారి చిటికెనవేలు చివరి మెట్టు మీదికి చాచుకుని, ఎప్పటిలాగే గాల్లో ఆగింది.

అప్పుడు మాస్టారు భుజం ఆమెకి తగిలేలా పక్కకి ఒరిగి, మణికట్టు అడ్డదిడ్డంగా తిప్పి, మొదటి పాఠంలో పిల్లలు చెయ్యకూడదని తనే కసిరే పద్ధతిలో, అదే చేతి బొటనవేలితో ఆ మెట్టుని నొక్కారు. కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా మోగింది. ఆయన ఆగలేదు, ఆ మెట్టుకేసి చూడలేదు. రాగం ఒక్క క్షణం ఆయన కోసం నిలిచి, గెడ దిగగానే పడవ జారినట్టు ముందుకి జారింది.

పాట పూర్తయింది. బయట వాన తగ్గింది. బస్సుకి వేళవుతోందని ఇద్దరికీ తెలుసు. పియానో మూత మాత్రం ఎవరూ దించలేదు.